బాబాయి రెండో ప్రవర

ఈ పొద్దున్న మా బాబుని మలికిపురంలో బళ్ళో వెయ్యడానికి తీసుకెళ్ళాను. నాలుగేళ్ళయినా నిండనివాడికి ఇంటర్వ్యూ ఏమిటని మావారు నవ్వారు గానీ, నాకు వారం రోజులుగా అన్నం సయించడంలేదు. ఎండలు ముదిరినప్పటినుంచీ వాడి మాట తట్టుకుంటోంది. ఒక్కోసారి గలగలా మాట్లాడేస్తాడు. ఒక్కోసారి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, గుమ్మానికి తల తగిలినవాడిలా నిలబడిపోతాడు. మా అత్తగారు వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి వాడి నాలిక్కి రాస్తున్నారు. పుట్టువెంట్రుకలు తియ్యడం ఆలస్యం చేశాం గనకే ఇలా అయిందని పక్కింటావిడ తేల్చేసింది. నేను కాలేజీలో చదువుకున్నదాన్ని కాబట్టి ఇవేవీ నమ్మను. దానికి బదులు నిద్ర మానుకుని, వాడు పలవరిస్తే ఆ మాటలైనా సాఫీగా వస్తున్నాయా లేదా అని చెవులు రిక్కించి పడుకుంటాను.

బళ్ళో పెద్ద మేడం చాలా మంచావిడ. వాణ్ణి దగ్గరకి పిలిచి, "నీ పేరేంటి నాన్నా?" అని అడిగింది. వాడు నోరు తెరిచాడు. గడ్డం కొంచెం పైకెత్తాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మాట మాత్రం రాలేదు. ఆ కాసేపూ నేను భరించలేకపోయాను. వాడి పేరు నేనే చెప్పేశాను. ఆవిడ రాసుకుని, వాడి బుగ్గ తట్టి, చేర్చుకుంటామంది. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో వాడు నా ఒళ్ళో కూచోలేదు. పక్కన కూచుని, ఇల్లు వచ్చేదాకా కాలవ కేసి చూస్తూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆ పైకెత్తిన గడ్డమే కళ్ళముందు ఆడుతోంది. అది నేను చిన్నప్పటినుంచీ ఎరిగిన గడ్డం. మా బాబాయిది. ఇప్పుడు ఇల్లంతా పడుకుంది. నాకు నిద్ర రాదని తెలుసు, అందుకని ఇది రాస్తూ కూచున్నాను.

బాబాయి అంటే మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. డెబ్భైలలో, నా చిన్నతనంలో, మేమంతా ముక్తేశ్వరానికి దగ్గర్లో తాతగారింట్లోనే ఉండేవాళ్ళం. తాతగారు అరుగుమీద కూచుని శిష్యులకి వేదం చెప్పేవారు. ఎవరిదైనా ఒక్క స్వరం పక్కకి జరిగితే, కళ్ళు మూసుకునే "ఊఁ?" అనేవారు. ఆ "ఊఁ"కి వంటింట్లో మామ్మ కూడా తనేదో తప్పు చేసినట్టు గరిటె ఆపేది. అటువంటి ఇంట్లో, అటువంటి తండ్రికి, నత్తి ఉన్న కొడుకు పుట్టాడు. పదిమందితో కలిసి మంత్రం చెప్పేటప్పుడు బాబాయికి ఏ అడ్డూ ఉండేది కాదట. ఒక్కడూ నోరు విప్పాల్సి వచ్చినప్పుడే వచ్చేది తంటా. అందులోనూ సొంత పేరు చెప్పడం మరీ కష్టం. మా ఇళ్ళల్లో పెద్దలకి నమస్కరించేటప్పుడు ప్రవర చెప్పుకోవాలి. అంటే తన వంశపు ఋషుల పేర్లు, గోత్రం, సూత్రం, శాఖ వరసగా చెప్పి, చివర తన పేరు చెప్పి వంగి దణ్ణం పెట్టాలి. వడుగునాడు బాబాయి ఋషుల దగ్గర్నుంచి శాఖదాకా ఎలాగో వచ్చి, తన పేరు దగ్గర ఆగిపోయాడట. పందిట్లో అందరూ చూస్తున్నారు. అప్పుడు తాతగారే ఆ పేరు అందించారు. ప్రేమకొద్దీ అందించిందే.

ఆ రోజునుంచి మా ఇంట్లో అదో అలవాటైపోయింది. బాబాయి మాట మొదలుపెడితే ఎవరో ఒకరు పూర్తిచేసేవారు. ఆయన "మ" అనేసరికి మామ్మ మంచినీళ్ళు తెచ్చేది. కావలసింది మజ్జిగైనా సరే, ఆయన మంచినీళ్ళు తాగేసి గ్లాసు ఇచ్చేసేవాడు. మొత్తం మీద మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మంచినీళ్ళు తాగిన మనిషి ఆయనే అయి ఉండాలి.

చదువులో మాత్రం దిట్ట. అమలాపురంలో కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు. పాఠం చెప్పక్కర్లేదు, ప్రయోగం చేసి చూపిస్తే చాలు. అక్కడే హామ్ రేడియో సంగతి తెలిసింది. అంటే ఇంట్లో సొంతంగా ట్రాన్స్‌మిటరు పెట్టుకుని, ప్రభుత్వం దగ్గర పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళతోనో వైర్‌లెస్సులో కబుర్లాడుకోవడం. బాబాయికి వచ్చిన లైసెన్సులో నోటితో మాట్లాడే హక్కు లేదట. మోర్సు కోడులో, చుక్కలూ గీతలూగా, కీ మీద కొట్టడమే. ఆ సంగతి చెబుతూ ఆయన నవ్విన నవ్వు నాకు బాగా గుర్తు. "నా క... కొలతకి కుట్టించినట్టుంది," అన్నాడు.

పెరటి గదిలో సెట్టు వెలిసింది. వాల్వుల వెలుగు, సోల్డరింగు పొగ, సాయంత్రమైతే లో ఓల్టేజీ. ఏరియల్ తీగ కట్టడానికి దింపు తీసే అతన్నే బతిమాలి రెండు కొబ్బరిచెట్లు ఎక్కించాడు. అయితే కొబ్బరిచెట్టు గాలికి ఊరికే ఉంటుందా? మొదటి వారంలోనే తీగ తెగింది. అప్పుడు బాబాయి ఒక చెట్టుకి నూతి గిలక కట్టి, దానిమీంచి తీగని వదిలి, చివర మామ్మ పాత రుబ్బురోటి పొత్రం వేలాడదీశాడు. చెట్లు దూరంగా ఊగితే పొత్రం పైకి లేస్తుంది, దగ్గరగా ఊగితే కిందికి దిగుతుంది, తీగ మాత్రం తెగదు. కొత్త గిలక వచ్చేదాకా మామ్మ చేదని చేత్తోనే లాగి నీళ్ళు తోడుకుంటూ రోజూ శాపనార్థాలు పెట్టింది గానీ, తరవాత్తరవాత ఆ పొత్రాన్ని చూసే వాన జోస్యం చెప్పేది. "పొత్రం చెట్టెక్కిందర్రా, ఒడియాలు తీసెయ్యండి," అని కేకేసేది.

నాకు కాల్ సైన్ సంగతి చెప్పింది బాబాయే, ఆ గది గుమ్మంలో కూచోబెట్టి. నాతో మాట్లాడేటప్పుడు ఆయన మాట అంతగా తట్టుకునేది కాదు. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ఆయన చెప్పబోయేదేమిటో నాకు తెలిసేది కాదు కాబట్టి నేను అందించలేకపోయేదాన్ని. గాలిలో మనుషుల పేర్లు పనిచెయ్యవనీ, సర్కారు ఇచ్చిన అక్షరాలే పేరనీ చెప్పాడు. మొదటి అక్షరాల్ని బట్టి దేశం తెలుస్తుంది. జె, ఎ అంటే జపాను. వి, కె అంటే ఆస్ట్రేలియా. నాలుగు, ఎస్, ఏడు అని వినబడితే సింహళం. మనది వి, యు. దాని వెనకాల రెండు అనే అంకె. ఆ తర్వాత ఆ మనిషికి మాత్రమే ఇచ్చిన అక్షరాలు, బాబాయికి మూడు. అవి ఇక్కడ రాయను. ఇందులో ఎవరి పేర్లూ రాయడంలేదు, అవీ పేరే కదా. ఎవరైనా ఉన్నారా అని పిలిచి, తన కాల్ సైన్ రెండు మూడుసార్లు కొట్టి, ఇక చెయ్యి తీసేసి వినాలట. "విన్నాక?" అన్నాను. "వింటూనే ఉండాలి," అన్నాడు. కొన్ని పిలుపులు దగ్గర దారిన రావనీ, భూమికి అవతలి వైపునుంచి చుట్టు తిరిగి వస్తాయనీ, వాటిని తొందరపెట్టకూడదనీ చెప్పాడు. పెరటి అరుగుమీద తాతగారు కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నారు. ఇదంతా నేనొక్కదాన్నే విన్నాననుకున్నాను.

ఆ కోడు బాబాయి ఒంట్లోకి పాకిపోయింది. కుడిచేతికి వెండి ఉంగరం ఉండేది. గోటితో కొడితే చుక్క, ఉంగరంతో కొడితే గీత. కంగారు పుట్టిందంటే చాలు, చేతికందినదాని మీద తన కాల్ సైన్ కొట్టేసుకునేవాడు. ఉయ్యాలబల్ల, కంచం అంచు, బస్సు ఊచ, ఏదైనా సరే. "గ్లాసు మీద తాళం వెయ్యకురా, అప్పులవాళ్ళొస్తారు," అని మామ్మ కసిరేది.

పెళ్ళీడు దాటుతోందని మామ్మ బెంగ. వచ్చిన సంబంధాలన్నీ పెళ్ళిచూపుల దాకా వచ్చి, పేరు చెప్పమనేసరికి ఆగిపోయేవి. బాబాయి పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, ఒకసారి నాతో, "ఇంకోచోటికి న... నన్ను తీసుకెళ్ళొద్దని చెప్పవే," అన్నాడు. అయినా కొత్తపేట సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి అక్కడ పోస్టుమాస్టరు. తెచ్చింది మామ్మ తమ్ముడు. కోనసీమలో కుదిరిన పెళ్ళిళ్ళన్నీ తన చలవేననీ, చెడినవన్నీ జాతకాల తప్పనీ ఆయన నమ్మకం. తాతగారు, మామ్మ, బాబాయి, ఆయన, మామ్మ కొంగు పట్టుకుని నేను, బస్సులో బయల్దేరాం. కొత్తపేట ఇంకాస్త దూరం ఉందనగా ఆయన గొంతు తగ్గించి అన్నాడు:

"బావగారూ, ఈసారి ఏం కంగారు లేదండీ. మనవాడికి గురువారం మౌనవ్రతం అని చెప్పేసేను."

తాతగారు ఆయన కేసి తిరిగారు. "ఏవిటీ?"

"మౌనవ్రతం అండీ. నోరు విప్పమని ఎవరూ అడగరు. పైగా వేదం ఇంటివాళ్ళు, నప్పింది కూడాను."

"మావాడి నోరు మూయించడానికి నువ్వెవరయ్యా? బస్సాపమను."

"ఇవాళ్టికి ఊరుకుందురూ," అంది మామ్మ బతిమాలుతూ. "పెళ్ళయ్యేక మెల్లిగా తెలుస్తుంది లెండి."

తాతగారు ఏదో అనబోయేలోపు బస్సు కొత్తపేటలో ఆగింది. వెనకసీట్లో బాబాయి అంతా విన్నాడు. ఊచమీద ఆయన వేళ్ళు ఆడటం మొదలుపెట్టాయి.

పోస్టుమాస్టరుగారి ఇల్లు ఆఫీసు వెనకాలే. గోడకి అవతల టెలిగ్రాఫు బల్ల. అక్కణ్ణుంచి ఆగి ఆగి కటకటమని చప్పుడు వస్తూ ఉంది. పిల్ల నాయనమ్మ బాబాయిని చూస్తూనే చేతులు జోడించింది. "ఈ కాలంలో కూడా మౌనాలు పట్టే పిల్లలున్నారంటే, ఏం పుణ్యం చేసుకున్నామో!" అంది. మామ్మ తమ్ముడు వినయంగా తలవంచుకున్నాడు, ఆ మౌనం తనదే అయినట్టు. ఇక ఆ ఇంట్లోవాళ్ళందరూ బాబాయితో సైగలు మొదలుపెట్టారు. పోస్టుమాస్టరుగారు బొటనవేలు నోటికేసి వంచి, కనుబొమలెగరేసి, కాఫీ తాగుతారా అని అడిగారు. పంచదార సరిపోయిందా అని రెండువేళ్ళు రాసి చూపించారు. మాట్లాడనివాడికి వినబడదని కూడా ఎందుకనుకున్నారో! నాకు నవ్వాగలేదు. మామ్మ నా తొడ గిల్లింది. తాతగారు మాత్రం కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టి, చేదుమాత్ర మింగినవారిలా కూచున్నారు.

పిల్ల వచ్చి చాపమీద కూచుంది. చామనచాయ, పెద్ద జడ. కాసేపు అందరి పిల్లల్లాగే తల వంచుకుంది. బాబాయి కాఫీ గ్లాసు పట్టుకున్నాడు, తాగలేదు. గ్లాసు మీద గోరూ ఉంగరమూ ఆడుతున్నాయి. ఇంతలో ఆ పిల్ల తలెత్తింది. చూడ్డానికి కాదు, వినడానికి. మెడ ఒక పక్కకి వంచి, పెదాలు కదుపుతూ వింది. విని, తండ్రితో నెమ్మదిగా అంది:

"నాన్నగారూ, ఆయన మాట్లాడుతున్నారండీ."

"అబ్బెబ్బే," అన్నాడు మామ్మ తమ్ముడు. "మౌనం అమ్మా. పెదవి కదిపితే ఒట్టు."

"పెదవి కాదండీ. గ్లాసు."

పోస్టుమాస్టరుగారు చెవి ముందుకి పెట్టారు. ఒక్కసారిగా ఆయన మొహం మావగారి మొహం కాకుండాపోయి, ఆఫీసు మొహం అయిపోయింది. "వి... యు... రెండు... ఆయ్, నిజవేనండోయ్! మళ్ళీ వి, యు, రెండు..." అని ఆశ్చర్యంగా తాతగారి కేసి తిరిగారు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి టెలిగ్రాం చూళ్ళేదండీ. ఊరు లేదు, కబురు లేదు, ఉత్త అడ్రసేనా?"

"అదొక్కటే మళ్ళీ మళ్ళీ కొడుతున్నారండీ," అంది ఆ పిల్ల. "ఎవరినో పిలుస్తున్నట్టుంది."

బాబాయి చెయ్యి ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. మామ్మ తమ్ముడు ఇంటికప్పు వాసాలు పరిశీలించడం మొదలుపెట్టాడు. అప్పుడు తాతగారు గొంతు సవరించుకున్నారు.

"అది టెలిగ్రాం కాదండీ. మావాడి ప్రవర," అన్నారు. "వి, యు అన్నది దేశం. భూమ్మీద ఎక్కడ విన్నా ఫలానా దేశం వాడని తెలుస్తుంది. గోత్రం అనుకోండి. రెండు అన్నది మనకి సూత్రంలాగ. ఆఖరి మూడక్షరాలూ వీడివి. లోకంలో ఇంకొకరికి ఉండవు. అది చెప్పుకోకుండా అక్కడ ఎవరూ ఎవరితోటీ మాట్లాడకూడదట. మన పద్ధతే."

బాబాయి తలెత్తి తండ్రి కేసి చూశాడు. ఆ చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు. ఆ రోజు పెరటి అరుగుమీద జపం చేసుకుంటూనే ఆయన ప్రతి మాటా విన్నారన్నమాట.

"ఇంకో మాటండీ," అన్నారు తాతగారు. "మావాడికి వ్రతం లేదు. నత్తి ఉంది. వాడి పేరు వాడు చెప్పుకోవడానికి సమయం పడుతుంది. ఆ మాట దాచి మీ గుమ్మం ఎక్కేం. క్షమించండి."

గోడవతల కటకటలు ఆగాయి. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోస్టుమాస్టరుగారు బాబాయి కేసి తిరిగి, ఈసారి సైగలు లేకుండా అడిగారు. "మీ పేరు మధ్యవర్తిగారు చెప్పేరు గానండీ, మీ నోట వినలేదు గదండీ?"

బాబాయి గడ్డం పైకెత్తాడు. కళ్ళు పెద్దవయ్యాయి. తాతగారి పెదాలు అలవాటుగా విచ్చుకున్నాయి. ఆ పేరు ఆయన నాలిక చివర్న ఉందని అందరికీ తెలుస్తోంది. అయినా ఆయన నోరు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. వేదంలో ఒక్క అక్షరం ఆలస్యమైతే ఊరుకోని మనిషి, ఊరుకున్నారు. పిల్ల నాయనమ్మ ఏదో సాయం చెయ్యబోయింది. "ఉండు నాయనమ్మా," అంది ఆ పిల్ల. అని, బాబాయి కేసే చూస్తూ కూచుంది, జాలిగా కాదు, తొందరగానూ కాదు, గోడవతలనుంచి రావలసిన కబురు కోసం చూసినట్టు. బాబాయి చేతిలో కాఫీ మీద మీగడ కట్టింది. మొదటి అక్షరం వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చి, చివరికి ఆ పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, బయటకి వచ్చింది. ఎవరూ అందించలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి అయి ఉండాలి.

అప్పుడా పిల్ల ముందున్న ఇత్తడి పళ్ళెం మీద మెల్లిగా చప్పుడు చేసింది. గోటితో ఒకటి, గాజుతో ఒకటి, మళ్ళీ గోటితో ఒకటి. పోస్టుమాస్టరుగారు పకపకా నవ్వేశారు. బాబాయి మీగడ కట్టిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఆ చప్పుడుకి అర్థం ఏమిటో నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. చుక్క, గీత, చుక్క. "అందింది" అని.

ఆ మాఘంలో పెళ్ళయింది. పిన్ని వచ్చాక బాబాయి నత్తి పోయిందని రాయగలిగితే నాకు ఈ రాత్రి ఎంతో ధైర్యంగా ఉండేది. పోలేదు. ఇప్పటికీ ఉంది. ఆయన పెద్ద లైసెన్సు కూడా సంపాదించి, మైకు పెట్టుకుని, తట్టుకుంటూనే మాట్లాడుతూ ఉంటాడు. పిన్ని ఎప్పుడూ ఆయన మాట పూర్తిచెయ్యదు. ఆయన ఆగినప్పుడల్లా చేతిలో చింతపండు గింజ తీసుకుంటూనో, పూలు కట్టుకుంటూనో ఉంటుంది. మాట వచ్చాక జవాబు చెబుతుంది. వాళ్ళిద్దరి మధ్యా తగవల్లా ఒక్కటే. పోస్టుమాస్టరు కూతురని తెలిసే ఆయన ఆ రోజు గ్లాసు మీద కొట్టాడని పిన్ని, వట్టి అలవాటని బాబాయి. "గోడవతల టెలిగ్రాఫు మోగుతోంటే వినబడలేదుటండీ మీకు?" అని ఆవిడ నిలదీస్తే, ఆయన జవాబు మొదలుపెట్టి, కావాలనే ఎక్కడో ఆపేసి, నవ్వుతాడు. మంచినీళ్ళ బాధ మాత్రం తీరింది. మజ్జిగ అడిగితే మజ్జిగే వస్తుంది.

సాయంత్రం సంగతి రాయడం మరిచిపోయాను. దీపాలు పెట్టే వేళకి మా బాబుకి పాలు ఇచ్చి ఎదురుగా కూచున్నాను. బళ్ళోంచి వచ్చినప్పటినుంచి వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఉన్నట్టుండి గడ్డం పైకెత్తాడు. "నా..." అన్నాడు. ఆగాడు. నాన్న కావాలా, నాకు వద్దు అంటున్నాడా, నాలుగు రకాల మాటలు నా నోటిదాకా వచ్చాయి. వంటింట్లోంచి అత్తగారు, "నాన్నగారొచ్చేస్తారురా," అని అందించబోయారు. నేను చెయ్యెత్తి వద్దన్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. పాలమీద మీగడ కట్టింది. వాడు నా కళ్ళలోకి చూస్తూ, ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ, "నా పేరు..." అని, తన పేరు మొత్తం, వాడికి కలిపి పెట్టిన మా తాతగారి పేరుతో సహా చెప్పాడు. పొద్దున్న మేడం అడిగిన దానికి జవాబు. పొద్దుటినుంచీ వాడు ఆ జవాబే చెబుతున్నాడన్నమాట.

వాడి గ్లాసు మీద గోటితో ఒకటి, గాజుతో ఒకటి, గోటితో ఒకటి కొట్టాను. వాడు ఇదేదో ఆట అనుకుని నవ్వి, మళ్ళీ కొట్టమన్నాడు. పొద్దున్న బళ్ళో బయల్దేరిన పేరు, దీపాల వేళకి నా దగ్గరకి చేరింది. అంత దూరం చుట్టు తిరిగి వచ్చినదానికి, అదేమంత ఆలస్యం కాదు.